నాలుగున్నర బస్సు వదిలేసిన జోగారావు గారు

1991వ సంవత్సరం ఆగస్టు పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిది గంటల ఐదు నిమిషాలకు డాక్టర్ జోగారావు గారు గుండ్లపోచంపల్లి సమీపంలోని మన ఆసుపత్రిలో పేథాలజిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. ఆ ఐదు నిమిషాల ఆలస్యాన్ని హాజరు పుస్తకంలో స్వహస్తాలతో నమోదు చేసి, పక్కన "బస్సు దొరకలేదు" అని కారణం కూడా రాసిన మొదటి వైద్యుడు ఆయనే. ఆఖరివాడు కూడా బహుశా ఆయనే. పదిహేడు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవ అనంతరం 2008 ఆగస్టు ముప్పై ఒకటిన పదవీ విరమణ చేస్తున్న ఆ సహృదయుణ్ణి గురించి నాలుగు మాటలు రాయమని ఈ సంచిక సంపాదకవర్గం కోరింది. నాలుగు మాటలతో సరిపెట్టడం సాధ్యం కాదని ముందే మనవి. ఎందుకంటే ఆయన ఉద్యోగ జీవితంలోని ప్రధాన ఘట్టం కూడా ఒక బస్సుతోనే ముడిపడి ఉంది. ఆ బస్సును మాత్రం ఆయన కావాలనే వదిలేశారు.

బొబ్బిలి ప్రాంతంలో జన్మించి, విశాఖపట్నంలో వైద్యవిద్య అభ్యసించి, ఉత్తరాంధ్ర ఆసుపత్రులలో పదిహేనేళ్ళకు పైగా పనిచేసి, నలభై మూడవ ఏట ధర్మపత్ని శ్రీమతి పార్వతీదేవి గారితో బోయిన్‌పల్లిలో అద్దె ఇంట్లో కాపురం పెట్టిన జోగారావు గారికి ఇక్కడ స్వాగతం పలికినవి ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక టెక్నీషియన్. ఆ టెక్నీషియన్ పర్వతాలు, పక్క ఊరి మనిషి. గది జనరేటరు షెడ్డుకు ఆనుకొని ఉండేది. కరెంటు పోతే మైక్రోస్కోపు దీపం ఆరిపోయేది. జనరేటరు వేస్తే దీపం వెలిగేది గానీ బల్లతో సహా కణాలన్నీ గజగజ వణికేవి. నెల రోజులు ఓపిక పట్టిన జోగారావు గారు చివరకు పాతకాలపు అద్దం మైక్రోస్కోపు ఒకటి సంపాదించి, తూర్పు కిటికీ దగ్గర సూర్యుడి వెలుగులో స్లైడ్లు చూడటం మొదలుపెట్టారు. మబ్బు పట్టిన రోజున రిపోర్టులు ఆలస్యమవుతాయని నోటీసు బోర్డు మీద రాసి పెట్టేవారు. ఆయన మీద అప్పట్లో నవ్వినవారిలో సగంమంది ఇప్పుడు ఈ సంచికకు వ్యాసాలు రాస్తున్నారు.

ఆ గది నుంచే ఆయన ప్రయోగశాలను అంచెలంచెలుగా నిర్మించారు. 1994లో రక్తనిధి, 1996లో క్రిములను పెంచి పరీక్షించే కల్చర్ విభాగం ఆయన పట్టుదలతోనే వెలిశాయి. మేడ్చల్, శామీర్‌పేట, తూంకుంట పరిసరాల నుంచి వచ్చే రోగుల సంఖ్య ఏటేటా పెరిగింది. మెడ పక్కన బిళ్ళలు కట్టి, జ్వరంతో వచ్చేవారిలో పదింట తొమ్మిదిమందికి టీబీయే. సూదితో బిళ్ళ నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించి, ఒకటే వాక్యం రోజూ రాసి రాసి వేళ్ళు నొప్పెట్టగా, పర్వతాలు మేడ్చల్‌లో ఒక రబ్బరు స్టాంపు చేయించుకొచ్చాడు. 'క్షయ వ్యాధికి అనుగుణమైన లక్షణాలు' అని ఇంగ్లీషులో ముద్ర. జోగారావు గారు తొలుత విసుక్కున్నారు, తరువాత అలవాటుపడ్డారు. ఆ స్టాంపును ఇక్కడ ప్రస్తావించడం ఎవరినీ నొప్పించడానికి కాదు. ఈ కథకు అదే మొదలు.

1997 ఆగస్టులో తూంకుంట నుంచి బాలమణి అనే ఇల్లాలు వైద్యానికి వచ్చింది. వయస్సు ఇరవై తొమ్మిది. భర్త జనార్ధన్‌కు అక్కడ పొలాలున్నాయి. అప్పుడప్పుడే ప్లాట్ల వ్యాపారంలో కూడా అడుగుపెడుతున్నాడు. సహస్ర అని నాలుగేళ్ళ కూతురు. బాలమణికి ఐదు వారాలుగా జ్వరం, గొంతునొప్పి, కీళ్ళనొప్పులు, మెడకు ఎడమవైపున గోలీకాయలంత బిళ్ళలు. అత్తగారు సత్యమ్మ ఆ బిళ్ళల మీద ఏదో ఆకుపసరు పట్టించింది. జనరల్ మెడిసిన్ విభాగంలో డాక్టర్ వెంకటరామయ్య ఆమెను చూశాడు. సూది పరీక్ష జరిగింది. స్లైడు నిండా చచ్చిపోయిన కణాల శిథిలం, టీబీలో కనబడేదే. పద్నాలుగవ తేదీన స్టాంపు పడింది, కింద జోగారావు గారి సంతకం పడింది. టీబీ మాత్రలు నడిచాయి.

సెప్టెంబరు గడిచింది. అక్టోబరు కూడా చివరికొచ్చింది. జ్వరం మాత్రం తగ్గలేదు. మనిషి తొమ్మిది కిలోలు తగ్గిపోయింది. మణికట్లు, మోకాళ్ళు వాచిపోయి నడవలేక వార్డులో చేరింది. దిగులు పడిన జనార్ధన్ నగరంలో మరో వైద్యుణ్ణి సంప్రదించాడు. ఇది శోషరస గ్రంథులకు వచ్చే క్యాన్సర్ అయి ఉండవచ్చునని, స్లైడ్లు తెచ్చి చూపితే క్యాన్సర్ మందులు మొదలుపెట్టే విషయం ఆలోచిద్దామని ఆయన అన్నారట. జనార్ధన్ నేరుగా ప్రయోగశాలకు వచ్చాడు.

"సార్, గా అద్దం ముక్కలు ఇయ్యుండ్రి. పట్నం డాక్టరు తెమ్మన్నడు. గిది కాన్సర్ గూడ అయ్యుండొచ్చంటుండు. నాకు నాలుగేండ్ల బిడ్డున్నది సార్. మస్తు పరేషాన్‌ల ఉన్న."

"ఒక్క అరగంట కూర్చోవయ్యా. ఇచ్చేముందు నేను మళ్ళీ చూసి ఇస్తాను" అన్నారు జోగారావు గారు.

ఆ అరగంటలో ఆయన స్లైడును ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూశారు. కిటికీ దగ్గర అదే స్లైడు, అదే శిథిలం. కానీ టీబీలో ఉండవలసిన కణాల ముద్దలు ఎక్కడా లేవు. టీబీ క్రిములు లేవు. చీము కణాలు అసలే లేవు. శిథిలాన్ని తినేస్తూ నెలవంక ఆకారపు కేంద్రకాలున్న కణాలు మాత్రం గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆగస్టులోనూ అవి అక్కడే ఉన్నాయి. ఆయన చూడలేదు. అలవాటు చొప్పున శిథిలం కనబడింది, చెయ్యి స్టాంపు మీదికి వెళ్ళింది.

తప్పు చేశానని తెలిసిన మనిషి ముందు రెండు దారులుంటాయి. స్లైడ్లు కాగితంలో చుట్టి ఇచ్చేస్తే బాలమణి నగరానికి వెళ్ళిపోతుంది. ఆమెకు అక్కర్లేని విషపు మందులు ఎక్కినా ఆ పాపం వేరొకరి ఖాతాలో పడుతుంది. జోగారావు గారు ఆ దారి తొక్కలేదు. జనార్ధన్‌ను కూర్చోబెట్టి, "ఆగస్టులో నేను ఇచ్చిన రిపోర్టు మీద నాకే నమ్మకం పోయిందయ్యా. సూదికి దొరికింది చాలదు. ఒక బిళ్ళను పూర్తిగా తీయించి చూద్దాం. నాకు పది రోజులు ఇవ్వు" అని చెప్పారు. "తప్పయిందని మీరే జెప్తుండ్రు గాబట్టి ఆగుత సార్" అన్నాడు జనార్ధన్.

అక్టోబరు ఇరవై తొమ్మిదిన బిళ్ళ తీశారు. ఒక ముక్క కల్చర్‌కు వెళ్ళింది. అందులో టీబీ క్రిములు పెరుగుతాయో లేదో తేలడానికి ఆరు వారాలు పైనే పడుతుంది. మిగిలిన ముక్కలో జోగారావు గారు చూసినది కికుచి వ్యాధి. ఆ పేరుగల జపాను వైద్యుడు వివరించిన అరుదైన జబ్బు. ఎక్కువగా వయసులో ఉన్న స్త్రీలలో శోషరస గ్రంథులు వాచి, లోపలి కణాలు చచ్చిపోతాయి. క్షయలా కనబడుతుంది, క్యాన్సర్‌లా భయపెడుతుంది, చివరకు కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది. ఆనందం పట్టలేక ఆయన రిపోర్టును స్వయంగా వెంకటరామయ్య గదికి తీసుకువెళ్ళారు. అక్కడ ఆ ఆనందం కాస్తా నీరుగారిపోయింది.

"దానంతట అదే పోయే జబ్బయితే నాలుగు నెలలుగా ఈ జ్వరం ఏమిటండీ?" అని వెంకటరామయ్య నిలదీశాడు. "మోకాళ్ళు చూశారా? పోనీ ఇది చూడండి. మీరు చెప్పిన జబ్బులో తెల్లకణాలు తగ్గాలి. ఈవిడకు ఇరవై రెండు వేలు. మీ స్లైడును నమ్మమంటారా, మీ ల్యాబే ఇచ్చిన రక్తపరీక్షను నమ్మమంటారా?"

జోగారావు గారు రెండు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. "రెండింటినీ నమ్మితే ఏటవుతుంది?" అన్నారు.

వెంకటరామయ్య నవ్వాడు. వెటకారంగానే నవ్వాడు. మైక్రోస్కోపు ముందు కూర్చునేవారికి మనుషులు ముక్కలుగానే కనబడతారని కూడా అన్నాడు. ఆ మాటకు జోగారావు గారికి కోపం రావలసింది. కానీ ఆయన ఆ మధ్యాహ్నం, నవంబరు మూడవ తేదీన, చొక్కా మీద తెల్లకోటు తొడుక్కొని స్త్రీల వార్డుకు బయలుదేరారు. పేథాలజిస్టు వార్డుకు రావడం ఈ ఆసుపత్రిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఎవరికో రక్తం ఎక్కించడంలో పొరపాటు జరిగిందేమోనని సిస్టర్లు హడలిపోయారు.

మంచం పక్కన స్టూలు మీద సత్యమ్మ కూర్చొని ఉంది. జ్వరం ఎప్పుడెప్పుడు వస్తోందని ఆయన అడగగానే ఆ ముసలావిడ అన్నాళ్ళుగా దిగమింగుకొన్నదంతా కక్కేసింది.

"మీరందరు బస్సెక్కంగనే దీనికి జరమెక్కుతది సారూ! జరంతోని ఒళ్లంత ఎర్రగైతది. తెల్లారి మీరొచ్చేటాళ్లకు ఏముండది. నేను జెప్తె ఎవ్వలు ఇనరు. పసరు పడకనే గట్ల అయితాందంటరు. పసరు పెట్టుడు బంజేసి రెండు నెలలాయె!"

ఇక్కడ మన బస్సు గురించి చెప్పాలి. సిబ్బందిని సికింద్రాబాద్ చేర్చే బస్సు సాయంత్రం నాలుగున్నరకు బయలుదేరేది. వైద్యులందరూ అందులోనే వెళ్ళేవారు. తరువాత ఏదైనా అత్యవసరమైతే చూడటానికి డ్యూటీ డాక్టరు ఒక్కరే, అది కూడా క్యాజువాలిటీలో. వార్డులో జ్వరం చూసే వేళలు ఉదయం ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. మధ్యలో జ్వరం వస్తే సిస్టరు మాత్ర ఇచ్చేది. పదింటికి థర్మామీటరు పెట్టేసరికి అది దిగిపోయి ఉండేది. బాలమణి చార్టులో కొండలు లేవు, గుట్టలు కూడా లేవు. రోగి చెప్పే మాటకూ చార్టుకూ పొత్తు కుదరకపోతే మనమంతా చార్టునే నమ్మాం.

బాలమణి దుప్పట్లోంచి రెండు చేతులూ బయటపెట్టింది. మణికట్లు ఉబ్బి ఉన్నాయి. "సార్, నా బిడ్డకు జెడెయ్యనీకె చేతులు లేస్తలేవు. మా అత్తకు కండ్లు కనవడక పాపిడి వంకర దీస్తది. గీ చేతులు మల్ల లేస్తయా, లేవయా? నిజం జెప్పుండ్రి" అంది.

"తెలియదమ్మా. తెలుసుకోడానికే వచ్చాను" అన్నారు జోగారావు గారు.

నాలుగు ఇరవై అయిదుకు పర్వతాలు ఆయాసపడుతూ వచ్చాడు. "సార్, డ్రైవరు హారన్ మీద హారన్ కొడ్తుండు. జల్దీ రాండ్రి."

"నన్ను వదిలేసి వెళ్ళిపొమ్మను."

"మల్ల మీరు ఇంటికెట్ల పోతరు?"

"మేడ్చల్ నుంచి ఆర్టీసీ బస్సులు లేవేటయ్యా?"

బస్సు వెళ్ళిపోయింది. ఆయన సిస్టర్ల బల్ల దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఐదయింది. ఏమీ జరగలేదు. ఐదున్నరకు సిస్టరు జాలిపడి టీ ఇచ్చింది. ఆరింటికి పది నిమిషాల ముందు బాలమణి వణకడం ప్రారంభించింది. థర్మామీటరు నూట నాలుగు చూపింది. భుజాల మీద, పొట్ట మీద లేత గులాబీ రంగు మచ్చలు తేలుతుండగా జోగారావు గారు కళ్ళారా చూశారు. దురద లేదు, పొక్కులు లేవు. ఎనిమిది గంటలకల్లా జ్వరమూ దిగింది, మచ్చలూ మాయమయ్యాయి. ఇన్నాళ్ళుగా ఆమె రోజూ అనుభవిస్తున్న జబ్బును ఒక్క వైద్యుడూ చూడలేదన్నమాట. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మరునాడు ఆయన వెంకటరామయ్యను చెయ్యి పట్టుకొని ఆపేశారు. వాదించలేదు, ఉపన్యసించలేదు. "ఈ ఒక్క సాయంత్రం నాకివ్వండి. ఇంటికి నేనే దింపుతాను" అన్నారు. వాహనం లేని మనిషి ఆ హామీ ఎలా ఇచ్చారో ఆయనకే తెలియాలి. ఆరు గంటలకు బాలమణి భుజం మీద ఆ మచ్చలు చూడగానే వెంకటరామయ్యకు చదువుకునే రోజుల్లో ఒకే ఒక్కసారి చూసిన రోగి జ్ఞాపకం వచ్చింది. రోజుకొక్కసారి పెరిగే జ్వరం, దానితో వచ్చి దానితోనే పోయే మచ్చలు, గొంతునొప్పి, కీళ్ళవాపు, పెరిగిన తెల్లకణాలు. పెద్దవాళ్ళలో అరుదుగా వచ్చే స్టిల్ వ్యాధి. ఒకే మనిషిలో రెండు అరుదైన జబ్బులు ఒకదాని మీద ఒకటి పడి, ఒకదాని గుర్తులను మరొకటి చెరిపేస్తున్నాయి. ఒక్క జబ్బు కోసం వెతికినన్నాళ్ళూ ఏదో ఒకటి మిగిలిపోతూనే వచ్చింది. మూడు రోజులు గంటగంటకూ జ్వరం రాయించారు. రక్తంలో ఫెరిటిన్ అనే పదార్థాన్ని కొలవడానికి నగరానికి పంపిస్తే, ఉండవలసినదానికి ముప్పై రెట్లు వచ్చింది.

ఇక మిగిలింది మందు. స్టెరాయిడ్ ఇస్తే రెండు జబ్బులూ లొంగుతాయి. కానీ అది ఒంటి నిరోధకశక్తిని అణిచేస్తుంది గనుక, ఎక్కడో ఒక మూల టీబీ దాగి ఉంటే అదే మందు ఆమెను చంపుతుంది. కల్చర్ ఫలితానికి ఇంకా నెల పైన ఉంది. బాలమణికి నెల ఓపిక లేదు. జోగారావు గారు బిళ్ళలో మిగిలినదంతా పలచటి పొరలుగా కోయించారు. అరవై నాలుగు స్లైడ్లు. మూడు రోజులు కిటికీ దగ్గర నుంచి కదలకుండా ఒక్కొక్కటీ చూశారు. టీబీ జాడ గానీ, క్యాన్సర్ జాడ గానీ ఒక్కదానిలోనూ లేదు. కల్చర్ ఫలితం వచ్చేవరకు ముందుజాగ్రత్తగా టీబీ మాత్రలు కొనసాగిస్తూ స్టెరాయిడ్ ఇవ్వవచ్చునని రాసి, అదే కాగితం మీద మరొక వాక్యం చేర్చారు: "ఆగస్టు పద్నాలుగున నేను ఇచ్చిన నివేదిక పొరపాటు." ఆ వాక్యాన్ని కాస్త మెత్తగా మార్చమని అప్పటి సూపరింటెండెంటు గారు హితవు చెప్పారు. "మెత్తగా రాస్తే రేపు ఇంకెవరికీ అర్థం కాదండీ" అని ఆయన కాగితం వెనక్కి తీసుకోలేదు.

నవంబరు పదకొండున మందు మొదలయింది. మూడవ రోజు సాయంత్రం నాలుగున్నర బస్సు ఖాళీ సీట్లతో వెళ్ళింది. జోగారావు గారు, వెంకటరామయ్య, పర్వతాలు ముగ్గురూ వార్డులోనే ఉన్నారు. ఐదయింది. ఆరయింది. ఆరున్నరకు సత్యమ్మ కోడలి నుదురు మీద చెయ్యి వేసి, మెడ తడిమి, మళ్ళీ నుదురు మీద వేసింది. "సల్లగున్నది! బస్సు పొయ్యింది గానీ జరం రాలే సారూ!" అని ఆ ముసలావిడ ఏడుస్తుంటే, జోగారావు గారు అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకొన్నారు. పర్వతాలు మరునాడు ఎవరికీ చెప్పకుండా ఆ స్టాంపు రబ్బరు ఊడబెరికి పారేశాడు.

కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. టీబీ మాత్రలు ఆగిపోయాయి. స్టెరాయిడ్‌ను ఏడాదిన్నరలో మెల్లమెల్లగా తగ్గించారు. తరువాతి కాలంలో ఆరు గంటలకు కూడా వార్డులో జ్వరం చూసి రాయడం, మెడిసిన్ వైద్యులలో ఒకరు వంతులవారీగా ఆ వేళ దాకా ఉండటం ఆసుపత్రి నియమాలయ్యాయి. దానికి సిస్టర్లు పెట్టిన పేరు 'జోగారావు డ్యూటీ'. 2002లో కొత్త ప్రయోగశాల భవనం వచ్చింది. జనరేటరుకు రెండు వందల గజాల దూరంలో. ఆయన దగ్గర పని నేర్చుకొన్న టెక్నీషియన్లు నేడు నగరమంతటా ఉన్నారు. వాళ్ళందరిచేతా మొదటి రోజున ఆయన ఒక ఎర్ర అట్ట పుస్తకం చదివించేవారు. ప్రయోగశాల వెనక్కి తీసుకొన్న ప్రతి రిపోర్టూ, ఎందుకు తీసుకొన్నదీ, అందులో ఉంటుంది. మొదటి పుటలో ఉన్నది ఆయన తప్పే.

ఆ పుటను ఈ వ్యాసం కోసం మొన్న తిరగేయవలసి వచ్చింది. "14–8–1997. అలవాటుగా చూశాను. జోగారావు." అంతే ఉంది. చూడవలసిన మరో తేదీ అందులో లేదు. బాలమణికి టీబీ మాత్రలు మొదలైనది ఆగస్టు పదకొండున. అంటే ఆ రిపోర్టుకు మూడు రోజుల ముందు. సూది పరీక్ష జరగకముందే మందు రాసి, పరీక్ష కోరే చీటీ మీద 'క్షయ' అని ముందే తీర్పు చెప్పి పంపించిన వైద్యుడు వెంకటరామయ్య. ఆ చీటీ జోగారావు గారి బల్ల మీదికి వచ్చింది; ఆయన దాన్ని చూశారు; సూపరింటెండెంటు గారి ముందు గానీ, జనార్ధన్ ముందు గానీ, పదకొండేళ్ళలో ఒక్కసారైనా ఆ మాట ఎత్తలేదు. తన తప్పును అందరికీ వినబడేట్టు చెప్పిన ఆ పెద్దమనిషి పక్కవాడి తప్పును కడుపులో దాచుకొన్నారు. ఆ పక్కవాడు ఇన్నేళ్ళూ 'రెండు జబ్బులు కనిపెట్టిన డాక్టరు'గా సన్మానాలు అందుకొంటూనే ఉన్నాడు. మొన్న అతను ఆ మొదటి పుటలో ఖాళీగా ఉన్న చోట, "11–8–1997. చూడకుండానే రాశాను" అని రాసి సంతకం చేశాడు. ఈ వ్యాసం కింద ఉన్నదీ ఆ సంతకమే.

బాలమణి ప్రతి నవంబరులోనూ ఒక గంప సీతాఫలాలతో ప్రయోగశాలకు వస్తుంది. కిందటి ఏడు సహస్ర కూడా వచ్చింది. పదవ తరగతి చదువుతోంది. "సార్, జడ అమ్మే వేసింది" అని వెనక్కి తిరిగి చూపించింది. పాపిడి తిన్నగా ఉంది.

జోగారావు గారికి, పార్వతీదేవి గారికి ఆ పరమాత్ముడు ఆయురారోగ్యాలు సమృద్ధిగా ప్రసాదించాలి. రేపటి నుంచి వారికి పట్టుకోవలసిన బస్సు లేదు, వదిలేయవలసిన బస్సూ లేదు. సాయంత్రం ఆరు గంటలకు బోయిన్‌పల్లి ఇంటి వరండాలో దంపతులిద్దరూ చల్లగా కూర్చొని కాఫీ తాగే రోజులు నూరేళ్ళు నిండేదాకా సాగాలి. ఆ వేళకు ఇక్కడ వార్డులో ఎవరో ఒకరు థర్మామీటరు పట్టుకొని మేలుకొనే ఉంటారని, ఆ పూచీ మాదని, వారు నిశ్చింతగా ఉండాలని మా అందరి విన్నపం.

— డాక్టర్ వెంకటరామయ్య,
జనరల్ మెడిసిన్ విభాగం